పటిక రుచి

పెడనలో అద్దకం పనివాళ్ళకు తక్కెడ కంటే నాగుల్ మీరా నాలుక మీదే గురి. పటిక నీళ్ళు ఒక్క చుక్క నాలుకకు తగిలితే చాలు, గుడ్డ మీద ఎరుపు నిలుస్తుందో వెలుస్తుందో చెప్పేవాడు. నలభై ఏళ్ళు అలాగే చెప్పాడు. మొన్న వేసవిలో వచ్చిన జ్వరం ఆ నాలుకను చంపేసింది. కారమూ తెలియదు, చక్కెరా తెలియదు. ఆ సంగతి భార్య దిల్షాద్ బేగానికి కూడా చెప్పలేదు మహానుభావుడు. రోజూ చుక్క రాసుకోవడం, తల ఊపడం.

నాలుగు రోజుల కిందట ఆ ఊపుడికి అరవై దుప్పట్లు బలైపోయాయి. షెడ్డులో పటిక నీళ్ళు కలిపే పిల్ల వినీల కొలత ప్రకారమే కలిపింది, పటికే నాసిరకం. అది పసిగట్టాల్సింది మీరా. మంజిష్ఠ వేరుతో ఉడికించి తీస్తే, ఎర్రగా తేలాల్సిన పువ్వులు వెలిసిపోయి వచ్చాయి. షెడ్డు యజమాని జయపాల్ కేకలేశాడు.

"నేను చూసినప్పుడు బాగానే ఉందండీ. తర్వాత ఈ పిల్లే నీళ్ళు పోసుంటది" అనేశాడు మీరా, అందరి ముందూ.

ఆయన మాటకు తిరుగేముంది? వినీలను ఆ పూటే పనిలోంచి తీసేశారు. మీరా మాత్రం తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. ఆమె ఇంటి ముందు నుంచి వెళ్ళడానికి సిగ్గేసి, కాలవగట్టు చుట్టూ తిరిగి షెడ్డుకు పోయేవాడు.

ఈ ఉదయం ఆమే వచ్చింది, సీసాలో పటిక నీళ్ళతో.

"నీళ్ళు పొయ్యలేదు బాబాయ్. కొత్త పటికతో అదే కొలత కలిపి తెచ్చా. తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటా. ఆ పని లేకపోతే నాకు కష్టమండీ."

సీసాలోవి గ్లాసులో పోసి అరుగు మీద పెట్టింది. దిల్షాద్ బేగం ఆ పిల్ల తాగడానికి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కనే పెట్టింది. వినీల ముఖంలోకి చూడలేక, మీరా చేతికందిన గ్లాసులో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"బాగా కుదిరింది తల్లీ. పటిక దిట్టంగా పడింది."

దిల్షాద్ బేగం అంది, "అవి తాగే నీళ్ళండీ."

మీరాకు తల తీసేసినట్టయింది.

"రుచి పోయి నాలుగు నెలలైందమ్మా" అన్నాడు చివరికి. "తప్పు నాదే. జయపాల్ గారికి సర్దిచెప్పి నిన్ను మళ్ళీ పెట్టిస్తా. ఈ మాట మాత్రం మన ముగ్గురి మధ్యే ఉండనీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళెందుకు బాబాయ్? నన్ను పదిమందిలో అన్నారు. పదిమందిలోనే చెప్పండి."

మీరా దిక్కు లేనట్టు భార్య వైపు చూశాడు. ఆమె లోపలికెళ్ళి, ఆయన షెడ్డుకు వేసుకెళ్ళే చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది.