అలమరలో ఇరవై మిషన్లు

ఇరవై ఒక్కమంది పీల్చిన గాలి లెక్క నా కంప్యూటరు తెర మీద ఉంది. ఇరవై గీతలు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా తిన్నగా, కవలల్లా ఒకేలా ఉన్నాయి. ఇరవై ఒకటోది మాత్రం కోతిలా గెంతుతోంది.

“ఆ మిషను చెడిపోయినట్టుంది. తీసేసి సగటు కట్టమ్మా,” అన్నారు మా గాలి పరీక్షల ఆఫీసు పెద్దసారు. “ఐదింటికి షెడ్డు పెద్దాయన వస్తాడు. గాలి బాగానే ఉందని చెప్పి పంపేద్దాం.”

షెడ్డంటే బస్సులు బాగుచేసే షెడ్డు. మా అన్నయ్య అక్కడే మెకానిక్కు. రెండేళ్ళుగా దగ్గుతున్నాడు. మనిషి రోజంతా ఎంత పొగ పీలుస్తాడో కొలిచి మా కంప్యూటరుకు పంపే చిన్న మిషన్లను, మెళ్ళో వేసుకోమని, వారం కిందట అక్కడ పంచింది నేనే. సగటు ఎక్కువొస్తే పొగ లాగే ఫ్యాన్లు పెడతారు, తక్కువొస్తే లేదు. తక్కువే వచ్చింది. మా వంటింటి గాలికన్నా ఆ షెడ్డు గాలే శుభ్రమట! ఒళ్ళు మండింది.

మళ్ళీ గీతలు చూశాను. ఒకడు బస్సు కింద పడుకుని పనిచేస్తాడు, ఒకడు ఇంజను ముందు నిలబడి. అందరికీ ఒకటే గాలి ఎలా తగులుతుంది? అప్పటికి రెండయింది. సంచీ భుజాన వేసుకుని పరుగు తీశాను. సారు వెనక నుంచి ఏదో అంటున్నారు, వినిపించుకుంటేగా!

షెడ్డులో అడుగుపెట్టగానే కళ్ళు మండాయి. అన్నయ్య బస్సు కింద నుంచి బయటికి వచ్చి నన్ను చూసి నవ్వాడు. మెడ బోసిగా ఉంది.

“మిషనేది అన్నయ్యా?”

“భద్రంగా ఉందే, కంగారుపడకు. రా, చూపిస్తా.”

నన్ను సూపర్‌వైజరు గారి ఏసీ గదికి తీసుకెళ్ళి, అన్నయ్య గర్వంగా అలమర తలుపు తీశాడు. ఇరవై మిషన్లు తెల్లటి గుడ్డ మీద హాయిగా నిద్రపోతున్నాయి. ఒక్కోదాని కింద పేరు చీటీ. పైన అట్టముక్క మీద అన్నయ్య చేతిరాత: ‘మా చెల్లెలి ఆఫీసువి. గ్రీజు చేతులతో ముట్టుకోవద్దు.’

“పొద్దున రాగానే ఇక్కడ పెట్టిస్తా. వెళ్ళేటప్పుడు మెళ్ళో వేసి పంపిస్తా. ఒక్కటి పాడైనా నీకు మాటొస్తుందిగా!”

కోపం, నవ్వు, ఏడుపు మూడూ కలిసొచ్చాయి. “దగ్గేది నువ్వా, ఈ అలమరా?” అని అరిచాను. అన్నయ్య మొహం చిన్నబోయింది. పాపం, అదంతా నాకోసమే చేశాడు.

మరి ఇరవై ఒకటోది? బస్సుల మధ్య నేల ఊడుస్తున్న పిన్ని మెళ్ళో, నల్లగా జిడ్డోడుతూ వేలాడుతోంది. షెడ్డంతా ఆవిడను పిన్ని అనే పిలుస్తుంది.

“నువ్వెందుకు అలమరలో పెట్టలేదు పిన్నీ?”

“ఏసీ గదిలోకి నన్నెవరు రానిస్తారమ్మా? అందుకే మెళ్ళోనే ఉంచుకున్నా. తప్పయిందా?”

ఆనందం పట్టలేక కావిలించుకున్నాను. చీపురు కింద పడింది.

ఇరవైమంది మెళ్ళోనూ నేనే మిషన్లు తగిలించాను. అన్నయ్యకైతే చొక్కాకు పిన్నీసు కూడా పెట్టాను. రెండు గంటల తర్వాత సూపర్‌వైజరు గది కంప్యూటరులో చూసి, కాగితం మీద అచ్చు తీస్తే ఒక్క గీతా తిన్నగా లేదు. అన్నీ పిన్ని గీతలాగే గెంతుతున్నాయి!

ఐదింటికి రొప్పుతూ ఆఫీసులోకి దూసుకొచ్చాను. షెడ్డు పెద్దాయన అప్పటికే కూర్చుని ఉన్నాడు.

“తప్పు లెక్కలు తీసేశావామ్మా?” అన్నారు సారు.

“తీసేశాను సార్. వారం లెక్కలు, ఇరవై మందివీ,” అంటూ కొత్త గీతల కాగితం బల్ల మీద పరిచి, పక్కనే పిన్ని మిషను పెట్టాను.

పెద్దాయన దాన్ని వేలితో ముట్టుకున్నాడు. నల్లబడిన వేలిని కాసేపు చూసుకున్నాడు. తర్వాత ఫ్యాన్లు ఎన్ని కావాలని అడిగాడు.