మెర్వ్ ఊపిరితో తిరిగే గాలిమర

పొద్దున్నే ఐలీన్ పొయ్యి మీద కెటిల్ పెట్టి, వంటింటి కిటికీలోంచి పెరట్లో గాలిమర వంక చూస్తుంది. రెక్కలు నిదానంగా తిరుగుతుంటే మొగుడింకా నిద్రలో ఉన్నట్టు. చటుక్కున జోరందుకున్నాయంటే లేచి బూట్ల కోసం వెతుక్కుంటున్నట్టు. అప్పుడు కప్పులో టీ పోస్తుంది. ఇన్నేళ్ళ కాపురంలో మెర్వ్ చల్లారిన టీ తాగింది లేదు.

విల్గాడీన్ ఊరి చుట్టుపక్కల ఎవరి గాలిమరైనా గాలికే తిరిగి, బోరులోంచి గొర్రెల తొట్టికి నీళ్ళు తోడుతుంది. మెర్వ్ వాళ్ళ ప్రిచర్డ్ వంశం గాలిమర మాత్రం ఇంటి పెద్ద ఊపిరితో తిరుగుతుంది. తాత ఉన్నన్నాళ్ళు తాత ఊపిరి, తండ్రి ఉన్నన్నాళ్ళు తండ్రిది, ఇప్పుడు మెర్వ్‌ది. కొందరి వంశంలో ఎర్రజుట్టు వస్తుంది, కొందరికి బట్టతల వస్తుంది, వీళ్ళకి ఇది వచ్చింది. ఆకు కదలని ఎండాకాలంలో పక్క పొలం ఆల్ఫ్ కంచె దగ్గర నిలబడి, "మెర్వ్, నాలుగు కట్టెలు కొట్టవయ్యా బాబూ, మా గొర్రెల నాలికలు పీక్కుపోతున్నాయి" అని కేకేసేవాడు. మెర్వ్ గొడ్డలి అందుకునేవాడు. అతనికి ఆయాసం వచ్చేలోపే ఇద్దరి తొట్లూ నిండేవి.

అలాంటి గాలిమర ఈ ఏడు మూలుగుతోంది. నాలుగు చుట్లు తిరిగి ఆగుతుంది. ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ ఒక చుట్టు తిరుగుతుంది. "నూనె అయిపోయుంటుంది" అంటాడు మెర్వ్. "నూనె పోయాల్సింది దానికి కాదు, నీకు" అంటుంది ఐలీన్.

ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని ఊరి ఆసుపత్రిలో చెప్పి ఏడాదైంది. ఉన్న మందులేవీ అతనికి పడలేదు. కొత్త మందొకటి పరీక్షలో ఉందట. పూర్వమైతే అలాంటివాటికి సిడ్నీ పోవాల్సిందే, బండిలో ఒక పగలంతా, అదీ నెలనెలా. ఈ మధ్య జిల్లా ఆరోగ్యశాఖ వాళ్ళకి బుద్ధి పుట్టి, మనుషుల్ని సిడ్నీకి తోలే బదులు పరీక్షనే ఊరి ఆసుపత్రికి తెచ్చారు. రక్తం తీసేదీ మాత్రలిచ్చేదీ మన నర్సు జనెల్. పెద్ద డాక్టరు లియాంగ్ సిడ్నీలోనే కూర్చుని తెర మీద కనిపిస్తుంది. సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్త పిండిమాత్ర. ఎవరికి ఏది పడిందో జనెల్‌కీ తెలీదు, డాక్టర్‌కీ తెలీదు. తెలిస్తే పరీక్ష చెడుతుంది.

ఐలీన్‌కి ప్రాణం లేచొచ్చింది. సగం ఆశైనా ఆశే కదా.

అయితే ముందు ఫోన్లో కొన్ని ప్రశ్నలడుగుతారు. జనెల్ అడిగింది, మెర్వ్ చెప్పాడు.

"ఊపిరి ఎలా ఆడుతోంది మెర్వ్?"

"పర్లేదు."

"దగ్గు?"

"దుమ్ము కదా, అందరికీ ఉండేదే."

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"మా ఇంటికి మెట్లు లేవమ్మా."

మా వైపు మగాళ్ళ సంగతి ఏం చెప్పమంటారు! ఉన్ని కత్తిరించే మిషన్లో వేలు తెగితే చిన్న గీతంటారు. ఇల్లు తగలబడితే ఈ పూట కాస్త వెచ్చగా ఉందంటారు. నొప్పి ఉందని నోటితో చెప్పడం, పదిమందిలో పంట్లాం విప్పుకున్నంత సిగ్గు. ఇది సిడ్నీలో కూర్చున్నవాళ్ళకేం తెలుస్తుంది? వాళ్ళు పర్లేదంటే పర్లేదనే రాసుకున్నారు. ఈ మనిషికి పరీక్ష అవసరమయ్యేంత జబ్బు లేదని మర్నాడే జవాబొచ్చింది.

ఐలీన్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు అడిగినా చెప్పవు! నన్నేం చేద్దామనుకుంటున్నావ్?"

"వదిలెయ్యవే. నాకంటే జబ్బుగా ఉన్నవాళ్ళకి దొరకనీ."

"నీకంటే జబ్బుగా ఉన్నవాళ్ళు శ్మశానంలో ఉన్నారు!"

అతను బయటికి పోయాడు. గాలిమర రెండు చుట్లు తిరిగి ఆగింది. ఐలీన్ ఫోన్ తీసి జనెల్‌ని పిలిచింది. "ఫోన్లో కాదే పిల్లా, ఇంటికొచ్చి అడుగు. ఆ డాక్టరమ్మని కూడా తెర మీద పట్టుకురా. మా గాలిమర ముందు అడగండి, అప్పుడేమంటాడో చూద్దాం." పేర్లు తీసుకోవడం శుక్రవారంతో ఆఖరు. జనెల్ గురువారం వస్తానంది.

మొండివాడు రాజుకంటే బలవంతుడు. గురువారం పొద్దున మెర్వ్ ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, పెరట్లోకెళ్ళి గాలిమర రెక్కలు కదలకుండా కొక్కెం తగిలించి వచ్చాడు. రెక్కలు కట్టేస్తే మనిషికేం కాదు, గాలిమరకి నోరు మూతపడుతుందంతే. తర్వాత వంటింట్లో కూర్చుని, ఏమీ ఎరగనట్టు ఫ్రూట్ కేకు తింటున్నాడు.

"రిపేరు" అన్నాడు, జనెల్ కిటికీలోంచి చూస్తుంటే.

జనెల్ ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి నిలబెట్టింది. తెర మీద డాక్టర్ లియాంగ్ నమస్కారం చెప్పి, మొదటి ప్రశ్న అడగబోయింది. ఇంతలో పెరట్లోంచి గొర్రెల అరుపులు మొదలయ్యాయి. ముందు ఒకటి, తర్వాత పది, తర్వాత మందంతా. తొట్టిలో నీళ్ళు అడుగంటాయి.

ఐలీన్ ఇంకో కప్పు టీ పోసింది.

మెర్వ్ కేకు ముక్క కింద పెట్టాడు. నర్సుతో అబద్ధమాడగలడు, పెళ్ళాంతో ఆడగలడు, గొర్రెల్ని దాహంతో నిలబెట్టడం మాత్రం అతని వల్ల కాదు. లేచి బయటికి నడిచాడు. జనెల్ ఫోన్ పట్టుకుని వెనకే వెళ్ళింది. ఆమె వెనక ఐలీన్.

కొక్కెం తీశాడు. రెక్కలు తిరిగాయి. పైపు గొంతు సవరించుకున్నట్టు గురగురమని గుక్కెడు నీళ్ళు కక్కింది. గొర్రెలు తోసుకొచ్చాయి. వాటిని అదిలిస్తూ మెర్వ్ తొట్టి వైపు పదడుగులేశాడో లేదో, రెక్కలు మందగించాయి. కిర్రుమన్నాయి. ఆగిపోయాయి. అతను ఇనప స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు, నోరు తెరుచుకుని, పెదాలు నీలంగా. గొర్రెలన్నీ అరవడం మాని అతని మొహంలోకే చూస్తున్నాయి.

"గాలిమర ఎందుకాగింది?" అనడిగింది తెర మీద డాక్టరు.

"ఆయనకి ఆయాసం వచ్చింది డాక్టర్" అంది జనెల్.

"ఓ. ఎంత దూరం నడిచారు?"

"ఇదిగో, ఇంతే."

డాక్టరు మెత్తగా అంది. "మెర్వ్, గాలిమర చెప్పింది రాసుకోవడానికి నాకు అధికారం లేదు. మీరు మీ నోటితో చెప్పాలి. ఎలా ఉంది మీకు?"

మెర్వ్ నేల చూశాడు. గొర్రెల్ని చూశాడు. ఐలీన్‌ని చూశాడు. ఆవిడ రెండు చేతులూ ఏప్రన్‌లో చుట్టుకుని, ఏ దేవుడికి మొక్కుకుంటుందో, పెదాలు కదులుతున్నాయి.

"బాలేదు" అన్నాడు.

స్తంభానికి వీపు ఆనించాడు. "అస్సలు బాలేదమ్మా. చొక్కా తొడుక్కుంటే ఆయాసం. టీ తాగితే ఆయాసం. పడుకుంటే తెల్లారి లేస్తానో లేదోనని భయం. ఐలీన్, నాకు చాలా భయంగా ఉందే."

ఐలీన్ గొర్రెల మధ్యలోంచి పరుగెత్తుకెళ్ళి అతన్ని పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ మనిషి నోట భయమన్న మాట వినడం ఆవిడకదే మొదలు. ఏడుస్తూ తిట్టింది, తిడుతూ వీపు నిమిరింది. వాళ్ళ తలల మీద రెక్కలు ఒక్క చుట్టు, మెల్లగా, తిరిగాయి.

మర్నాడు మెర్వ్ పేరు పరీక్షలో చేరింది.

అప్పట్నించి జనెల్‌కి వచ్చింది తంటా. నెలకోసారి మాత్రలు తీసుకుని ఆ ఇంటికి రావాలి. వస్తే గాలిమర కంటబడుతుంది. కంటబడితే మాత్రలో మందుందో పిండి ఉందో తెలిసిపోతుంది. అందుకని బండి దిగిందగ్గర్నుంచీ తలొంచుకుని నడుస్తుంది, కిటికీకి వీపు పెట్టి కూర్చుంటుంది. "దాని గురించి నాతో ఒక్క మాట అన్నావంటే ఊరుకోను" అని ఐలీన్‌తో ఒట్టు వేయించుకుంది. ఐలీన్ చెప్పలేదు. ఊళ్ళో కూడా ఎవరూ జనెల్ ముందు ఆ ఊసెత్తరు. ఆల్ఫ్ అయితే ఆమె కనబడగానే వాన గురించి మాట్లాడతాడు.

చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం జనెల్ వచ్చింది. మెర్వ్ వరండాలో కూర్చున్నాడు. ఎలా ఉందని అడగడమే పాపం, మొదలుపెట్టాడు. ఒకసారి నోరు తెరిచాక ఆ మనిషికి మూయడం తెలీడం లేదు. పన్ను సలుపుతోందన్నాడు, నడుం పట్టేసిందన్నాడు, ఐలీన్ కూరలో ఉప్పు తగ్గించి చంపుతోందన్నాడు. జనెల్ నవ్వుకుంటూ రాసుకుంది, రక్తం తీసుకుంది, సెలవు తీసుకుని తలొంచుకునే బండి వైపు బయల్దేరింది.

ఐలీన్ వంటింటి కిటికీలోంచి చూస్తోంది. నాలుగడుగులేశాక జనెల్ బూటు మడమ దాకా బురదలో దిగబడింది. ఆ పిల్ల ఆగిపోయింది. పెరట్లో తొట్టి వైపు నుంచి ఎర్రమట్టి మీద నీళ్ళు సన్నగా పారుకుంటూ వచ్చి బండి చక్రాల కింద మడుగు కట్టాయి.

"ఐలీన్," తల ఎత్తకుండానే పిలిచింది, "ఈ మధ్య మీకు వానేమైనా పడిందా?"

"చుక్క పడలేదు."

"నేనేం చూళ్ళేదు" అంది జనెల్. బూటు లాక్కుని, రెండో కాలు కూడా ఆ నీళ్ళలోనే పెట్టి, అలాగే నిలబడిపోయింది. ఐలీన్ ఏప్రన్‌తో కళ్ళొత్తుకుంది.

వరండాలో మెర్వ్, వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా, మోకాళ్ళ గురించి చెప్తూనే ఉన్నాడు, ఊపిరి కోసం మధ్యలో ఒక్కసారి కూడా ఆగకుండా.