తువ్వాలు కింద మాట

చేపల పులుసు కలుపుకుంటూ సువర్ణరాజు మామూలుగా అడిగాడు, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా. "ఆ కంప్యూటర్ పాస్‌వర్డు ఏంటే?"

దయామణి చేతిలో గరిటె ఆగింది. ఆమె నూజివీడు మామిడి రైతుల సంఘంలో టైపిస్టు. ఆ ఏడాదే రైతుల పంటల, అప్పుల వివరాలు ఎక్కించడానికి సంఘానికి కంప్యూటర్ వచ్చింది. ఓట్లేసి ప్రభుత్వాలను ఎన్నుకునే దేశాలు కొన్ని మన దేశంతో కలిసి ఇలాంటి యంత్రాలు పెట్టిస్తూ, ముందుగా ఒక కట్టుబాటు చేసుకున్నాయి. రైతు చెప్పిన సంగతి రైతుదే. అతను సరేనంటే తప్ప ఏ దేశపు అధికారికీ చూపకూడదు. పాస్‌వర్డు యంత్రం నడిపే మనిషి నోరు దాటకూడదు. శిక్షణలో ఆ మాట చెబుతుంటే పక్కవాళ్లు ఆవలించారు. దయామణికి మాత్రం ఒళ్లు ఝల్లుమంది.

ఎందుకు ఝల్లుమనదూ? కోడి కూయకముందే లేచి, అత్తగారికి వేణ్నీళ్లు కాచి, మొగుడికి క్యారేజీ కట్టి ఆఫీసుకు పరిగెత్తే మనిషి. జీతం కవరు అతని చేతికి, ట్రంకుపెట్టె తాళంచెవి అత్తగారి బొడ్లోకి. అమ్మ రాసిన ఉత్తరం కూడా సువర్ణరాజు చింపి చదివాకే ఆమెకు అందేది. "మీ అమ్మ గేదె ఈనిందట" అని సగం సంగతి అతనే చెప్పేసేవాడు. ఆ ఇంట్లో దయామణిదంటూ మూత ఉన్న వస్తువు ఒక్కటీ లేదు.

సువర్ణరాజు మామిడి షావుకారు శ్రీరాములు తరఫున బేరాలు చేస్తాడు. ఇప్పుడు వాళ్ల కన్ను చాట్రాయి జోజమ్మ తోట మీద పడింది. భర్త పోయిన జోజమ్మకు బ్యాంకు వాయిదా తప్పింది, మరో పక్క తోటలో పూత రాలిపోతోంది. యంత్రంలో ఎక్కించుకోమని ఆ సంగతులు దయామణికి చెప్పుకుంది. అవి తెలిస్తే శ్రీరాములు తోటను సగం ధరకే కొట్టేస్తాడు.

"చెప్పకూడదండీ."

అతను నవ్వాడు. మొగుడి దగ్గర దాపరికమేంటన్నాడు. తర్వాత గొంతు పెంచి, సంఘం అధ్యక్షుడితో చెప్పి ఉద్యోగం ఊడగొట్టిస్తానన్నాడు. మొగుడికి చెప్పని మాట ఆడదానికి అచ్చిరాదమ్మా అని అత్తగారు ఇన్నమ్మ వంత పాడింది. ఇంతకంటే చిన్న గద్దింపులకే తలొంచిన మనిషి దయామణి. కానీ ఆ పూట అతని భుజం మీది తువ్వాలు మీద ఆమె చూపు ఆగింది. మామిడి బేరాలన్నీ దాని కిందే. ఇద్దరు మగాళ్లు గుడ్డ కప్పుకుని, వేళ్లు పట్టుకుని ధర తేల్చుకుంటారు. పక్కన నిలబడ్డ సొంత తమ్ముడికైనా చెప్పరు.

"తువ్వాలు కింద మీరెన్ని బేరాలు చేశారండీ? ఏనాడైనా నేను దాన్ని ఎత్తి చూశానా? జోజమ్మ నా తువ్వాలు కింద చెయ్యి పెట్టింది. ఎత్తే హక్కు మీకు లేదు. అధ్యక్షుడికీ లేదు, ఆ దేశాల వాళ్లకీ లేదు. వెళ్లి అడగండి."

అడిగాడు కూడా. కట్టుబాటు తప్పితే యంత్రమే పోతుంది, నోరు మూసుకోవయ్యా అని అధ్యక్షుడు గడ్డి పెట్టి పంపాడు. ఆ వారంలోనే జోజమ్మ తోట ఆమె అడిగిన ధరకే పోయింది, కొన్నది శ్రీరాములే. ఆ కబురు విన్న దయామణి యంత్రం ముందు కూర్చుని, ఎవరు చూసినా సరేనని, పకపకా నవ్వింది. ఇన్నేళ్లలో ఆమె అంత సంతోషం ఎరగదు.

శనివారం అమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. సువర్ణరాజు అలవాటుగా కవరు అంచున బొటనవేలు పెట్టాడు.

"అది నా పేరు మీద వచ్చింది. ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. పెరట్లో కూర్చుని దయామణి కవరును తన చేత్తో చింపుకుంది. కోళ్ల కబురు, వర్షం కబురు, చర్చికి కొత్త ఫాదరు గారొచ్చిన కబురు. రెండుసార్లు చదువుకుంది. లోపలికి రాగానే, ఏం రాసిందేంటి మీ అమ్మ అని అడిగాడు.

చెప్పలేదు.