సాపు చేసిన ముఖం

మా ఆవిడ పోయిన మూడో నెలలో, బస్సులో నా ఫోన్ పోయింది. ఆమె బట్టలు ఆరేస్తున్నప్పుడు, కూరలు తరుగుతున్నప్పుడు చెప్పకుండా తీసిన ఫొటోలు అందులోనే ఉన్నాయి. అవి మరెక్కడా దాచుకోలేదు. ఆమె పోయాక వాటిని తెరవడానికి ధైర్యమూ చాలలేదు.

ఇంట్లో మిగిలినవి స్టూడియో ఫొటోలు. పెళ్లిరోజుకు ఒకటి చొప్పున పంతొమ్మిది. చిన్నప్పుడు వేడినూనె పడి ఆమె ఎడమ చెంప మీద మచ్చ ఏర్పడింది. ప్రతి ఫొటోలోనూ దాన్ని తీసేయించేది. ఫొటో నా చేతికిచ్చి, "ఇది సాపు. ఇంట్లో మీరు చూసేది చిత్తు" అని నవ్వేది.

ఆ పంతొమ్మిదీ మంచం మీద పరిచాను. ఎవరో అందమైన మనిషి. నా భార్య కాదు.

స్టూడియోకి వెళ్లి మచ్చ మళ్లీ పెట్టమన్నాను. స్టూడియో ఆయన దగ్గర చెరపకముందు ఫొటోలేవీ లేవట. ఆమె ఎదురుగా కూర్చుని వాటినీ తీసేయించేదట. నలభై ఏళ్లుగా ముఖాలు బాగుచేస్తున్నాడట, ఎవరి మచ్చ ఎక్కడో గుర్తుండదట, పాడుచెయ్యమన్నది నేనొక్కడినేనట. అయినా కంప్యూటర్ తెర మీద ఆ చెంపను పెద్దది చేశాడు.

"ఎక్కడ మొదలవుతుంది మాస్టారూ? కంటి కిందా, చెవి దగ్గరా?"

తెర మీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను. కూర్చున్నా నడిచినా ఆమె నాకు ఎడమ పక్కనే ఉండేది. నాకు కనిపించేది కుడి చెంపే. ఎదురుపడ్డప్పుడు, ఆమె నొచ్చుకుంటుందని నేనే చూపు తిప్పుకునేవాణ్ణి. అది మర్యాద అనుకున్నాను.

ఆమె అక్కకి ఫోన్ చేశాను. ఫొటోలో మచ్చ మళ్లీ పెట్టిస్తున్నానని చెప్పి, అది ఎక్కడ ఉండేదో అడిగాను.

"ఆ మచ్చ కనపడకూడదనే కదా దాని తాపత్రయమంతా. పోయాక మీరు మళ్లీ అంటిస్తారా మరిదిగారూ?"

"నాకు మనిషి గుర్తు లేకుండా పోతోంది వదినా. ఎలా ఉండేదో చెప్పండి చాలు."

"పంతొమ్మిదేళ్లు కాపురం చేసి నన్నడుగుతారేం?" అని పెట్టేసింది.

నల్లబల్ల మీద ఏ దేశం సరిహద్దయినా పుస్తకం చూడకుండా గీస్తాను. ఇప్పుడు రోజూ బడి వదిలాక స్టూడియోలో ఆ తెర ముందు కూర్చుంటున్నాను. కంటి కింద ఒకసారి, చెవి దగ్గర ఒకసారి గీసి చెరిపేస్తున్నాను. స్టూడియో ఆయన లైట్లు ఆర్పే ముందు ఒకసారి దగ్గుతాడు.

ఎడమ చెంప ఇంకా ఖాళీగానే ఉంది.