తుఫాను వారం

గోవిందరావు గడ్డం గీసుకుని పారేసిన బ్లేడును చిలకమ్మ చెత్తలో పడనిచ్చేది కాదు. కడిగి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి పోపులపెట్టె వెనక దాచేది. మొగుడి గడ్డానికి పనికిరాకుండా పోయిన బ్లేడు వారపత్రికలో సీరియల్ పేజీలు కొయ్యడానికి భేషుగ్గా పనికొస్తుంది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఆ పత్రిక రెండిళ్ళకి కలిపి ఒకటే వచ్చేది. పక్క క్వార్టరు ఎస్తేరమ్మ ముందు చదివేది, చిలకమ్మ తర్వాత చదివి కాగితాలు ఉంచుకునేది. నవల పూర్తయ్యాక ఆ కాగితాలన్నీ పేర్చి, దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో పాత కేలండరు అట్ట అంటిస్తే పుస్తకం. అటక మీద అలాంటివి వరసగా ఉండేవి. అన్నీ హత్యలే.

"పెళ్ళయిన ఆడదానికి ఈ హత్యల పుస్తకాలేటమ్మా, రామాయణం సదువుకోరాదా" అనేది అత్త సింహాచలమ్మ, బతికున్నన్నాళ్ళూ. అంతటితో ఊరుకునేది కూడా కాదు. "పుస్తకంలో పడిందంటే దీనికి పప్పు మాడినా ముక్కుకి తెల్దు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. పప్పు మాడింది ఒక్కసారి. ఆ మాట మాత్రం ఏళ్ళ తరబడి ఉడుకుతూనే ఉంది. గోవిందరావు తిట్టేవాడు కాదు, ఆ సంగతి చెప్పుకోవాలి. ఆయన సరదా వేరు. పగలు రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా పని, సాయంత్రం ఆంధ్ర సంఘం కార్యదర్శి పని. సీరియల్ ఆఖరి వారం వచ్చిందంటే గోల్‌బజార్ కొట్టులో నించునే చివరి పేజీ చూసేసి, ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, మొదటి ముద్ద కలుపుతూ "సంపింది మరిదేనే" అనేవాడు. అని, ఆమె మొహం చూసి నవ్వేవాడు. నెలల తరబడి ఆమె పోగేసుకున్న ఊహంతా ఆ ముద్దతో పాటు ఆయన గొంతులోకి దిగిపోయేది. "మూతి ముడుస్తావేటే, నవలే కదా" అనేవాడు. నిజమే, నవలే. కానీ ఆ ఇంట్లో రేపేం వండాలో, ఎవరేమంటారో, ఆ అన్నదానికి తాను ఏమనకూడదో, అన్నీ ఆమెకి ముందే తెలుసు. తర్వాత ఏం జరుగుతుందో తెలియనిది ఆ పత్రికలో నాలుగు పేజీలు మాత్రమే.

రచయితల్లో కపర్ది అంటే ఆమెకి ప్రాణం. ఎవరు చచ్చారన్నది ఆయన నవలల్లో పెద్ద విషయం కాదు. చచ్చేముందు ఆ ఇంట్లో ఎవరు ఎవరి మొహం చూడకుండా అన్నం తిన్నారో, అది రాసేవాడు. ఆయన 'బూడిదరంగు గొడుగు' సీరియల్ వస్తున్న ఏడు ఒక వారం తుఫాను పట్టింది. శ్రీకాకుళం అవతల పట్టాలు కొట్టుకుపోయి రైళ్ళు ఆగాయి. పత్రిక రాలేదు. అంతకుముందు వారం కథ ఆగిన చోట, హైదరాబాదులో ఒక ఇంట్లో భర్త శవం నట్టింట్లో ఉంది, వంటింట్లో ఉన్న భార్య వసుంధరకి వీధి తలుపు చప్పుడు వినబడింది. తుఫాను వెలిశాక వచ్చిన సంచికలో వసుంధర పోలీస్‌స్టేషన్లో బల్ల మీద కూర్చుని ఉంది. మధ్యలో ఏం జరిగింది? గోల్‌బజార్ కొట్టతను "ఉస్ హఫ్తే కా ఆయా హీ నహీ దీదీ" అని, ఆ వారానిది అసలు రానే లేదని చేతులు తిప్పేశాడు. ఝపటాపూర్‌లో ఎరిగినవాళ్ళ ఇంటికి ఎండలో నడిచి వెళ్ళి అడిగింది. వాళ్ళకీ రాలేదు. "పోనీలే సిలకా, కత అర్థమైపోనాది కదా" అంది ఎస్తేరమ్మ. కథ అర్థమయింది. వసుంధరే అర్థం కాలేదు.

అందుకని ఆ వారం చిలకమ్మే రాసింది. రాద్దామని కూర్చున్నది కాదు. బియ్యం ఏరుతున్నా, గుడ్డలు జాడిస్తున్నా ఆ తలుపు చప్పుడు చెవిలో మోగుతూనే ఉంటే, కూతురి స్కూలు పుస్తకంలో మిగిలిన తెల్లకాగితాలు తెచ్చుకుని రాసేసింది. వసుంధర కేక వెయ్యలేదు. తలుపు తీసే ముందు పిల్లి ముట్టకుండా పాలగిన్నె మీద మూత పెట్టింది. వత్తుల స్టవ్వు ఆర్పింది. దండెం మీద చొక్కాలు తీసి మడత పెట్టింది. చచ్చిపోయినవాడి చొక్కాలే, కాలరు నలగకుండా. అంతలో దూరంగా వర్క్‌షాపు సైరను మోగింది. ఆ మోతకి ఆమె చేతులు వాటంతట అవే చెంగుకి తుడుచుకున్నాయి, టీ నీళ్ళు పెట్టాలని. ఇంక ఎవరికీ టీ పెట్టక్కర్లేదని అప్పుడు గుర్తొచ్చింది. నవ్వొచ్చింది. తన నవ్వుకి తానే భయపడి వెళ్ళి తలుపు తీసింది.

హైదరాబాదు వసుంధరకి ఖరగ్‌పూర్ వర్క్‌షాపు సైరను ఎలా వినబడిందన్న అనుమానం రాసేటప్పుడు చిలకమ్మకి రానే లేదు. ఆమె ఎరిగిన సాయంత్రం ఆ మోత లేకుండా ఏనాడూ రాలేదు మరి. రాసిన కాగితాలు ఆ వారం చోట పెట్టి కుట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మాడిన పప్పు మళ్ళీ పొయ్యెక్కుతుంది.

కొన్నాళ్ళకి ఆంధ్ర సంఘం వార్షికోత్సవానికి ఏ రచయితని పిలుద్దామని మీటింగు పెట్టారు. ఎవరెవరికి ఏ రచయితని చూడాలనుందో చెప్పమన్నారు. పుస్తకాలు చదివేది ఆడవాళ్ళు, మీటింగులో చెప్పింది మగవాళ్ళు. గోవిందరావు ఇంటికొచ్చి, "మా ఆవిడ కపర్ది కపర్ది అని సావగొడతాదని సెప్పినాను. అందరూ నవ్వినారు, ఒప్పీసుకున్నారు. బోయినం మనింట్లోనే. గారెలు, సేపల పులుసు, మామిడికాయ పప్పు. పరువు తియ్యకు" అన్నాడు.

ఆమెకి సంతకం అక్కర్లేదు, ఫొటో అక్కర్లేదు. ఒక్క ప్రశ్న అడగాలి. తుఫాను వారం మీరేం రాశారండీ? తలుపు తీసే ముందు వసుంధర ఏం చేసింది? గారెల పిండితో పాటు ఆ ప్రశ్ననీ రుబ్బింది. "అయ్యా" అని మొదలుపెట్టాలా, "ఏవండీ" అంటే బాగుంటుందా అని రోలు దగ్గరే అనుకుని చూసుకుంది. ఆ రోజు పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది, కట్టుకుని అందులోనే చేపలు తోమింది.

కపర్ది మంచివాడే. బట్టతల, పెద్ద నవ్వు, వడ్డించినవన్నీ అడిగి మరీ తినే మనిషి. తింటూ గోవిందరావుతో, "ఆ రోజుల్లో నాలుగు పత్రికలకి ఒకేసారి రాసేవాణ్ణండీ. ఎందులో ఏం రాశానో నాకే గుర్తుండేది కాదు. ఇప్పుడు 'బూడిదరంగు గొడుగు' వేస్తానని ఒక పబ్లిషరు వెంట పడుతున్నాడు. చూస్తే నా కాపీ చెదలు తినేసింది, ఆ పత్రికేమో మూతపడింది" అన్నాడు.

"ఉండండి సార్" అని గోవిందరావు స్టూలెక్కి అటక మీద నుంచి పుస్తకం దించాడు. "మన కలెక్షన్ సార్. ఒక్క వారం పోలేదు."

కపర్ది చెయ్యి కడుక్కుని వచ్చి ఆత్రంగా పేజీలు తిప్పాడు. చేతిరాత కాగితాల దగ్గర ఆగాడు. "ఇదేమిటి?"

చిలకమ్మ గారెల పళ్ళెంతో గుమ్మంలోనే ఉంది. ఇదే అదను. "అది..." అంది.

"ఆ వారం పుస్తకం దొరక్కపోతే, ఎవరి కాడో తెచ్చి మా ఆవిడ సూసి రాసిందండి" అన్నాడు గోవిందరావు. "నిలబడ్డావేటే? సారుకి మజ్జిగ తే."

మజ్జిగ తెచ్చేసరికి పుస్తకం కపర్ది సంచిలో ఉంది. "అమ్మా, మీ దస్తూరీ ముత్యాల్లా ఉందమ్మా. ఎంత ఓపికండీ ఆడవాళ్ళకి!" అన్నాడాయన లేస్తూ. మెచ్చుకోలుగానే అన్నాడు. "నేను..." అని ఆమె అనేలోగా రిక్షా వచ్చిందని ఎవరో కేకేశారు. మజ్జిగ గ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం అంట్లు తోముతుంటే ఏడుపు ముంచుకొచ్చింది. పుస్తకం పోయినందుకో, ప్రశ్న అడగలేకపోయినందుకో ఆమెకే తెలియలేదు. "అంత పెద్దాయనకిస్తే మనకి గౌరవం కాదేటి?" అన్నాడు గోవిందరావు.

తొంభైల్లో గోల్‌బజార్ అద్దె పుస్తకాల కొట్టుకి ఆ నవల అచ్చయి వచ్చింది. అట్ట మీద గొడుగు, గొడుగు కింద రక్తం. తుఫాను వారం సంగతి ఇన్నాళ్ళకి తెలుస్తుందనుకుంటూ చిలకమ్మ దాన్ని ఇంటికి పరుగున తెచ్చుకుంది. ఆయన అసలు కాగితాలు దొరికే ఉంటాయి, లేకపోతే మళ్ళీ రాసే ఉంటాడు. అన్నం వార్చి, గంజి పక్కన పెట్టి, ఆ చోటు వెతికి తీసింది.

"తలుపు తీసే ముందు పిల్లి ముట్టకుండా పాలగిన్నె మీద మూత పెట్టింది."

ఒక్క అక్షరం మారలేదు. చొక్కాలున్నాయి, కాలరుంది. సైరను కూడా ఉంది, హైదరాబాదులో మోగుతూ. మొదటి పేజీలో 'కాపీ భద్రపరిచిన ఖరగ్‌పూర్ మిత్రులు శ్రీ గోవిందరావుగారికి కృతజ్ఞతలు' అని ఉంది. ముందు సంతోషమే వేసింది, దాచడం ఎందుకు. అచ్చులో తన మాటలు ఎంత పొందిగ్గా కూర్చున్నాయో! తర్వాత ఇంకో సంగతి తట్టింది. అసలు వసుంధర ఏం చేసిందో ఇక ఎవరికీ తెలియదు. రాసినవాడికే తెలియదు. ఏళ్ళ తరబడి అడగాలనుకున్న ప్రశ్నకి జవాబు లేకుండా పోయింది. ఆ జవాబు ఉండవలసిన చోట తను ఉంది, పేరు లేకుండా.

"ఇది నేను రాసినానండి" అంది సాయంత్రం మొగుడితో.

ఆయన తన పేరున్న పేజీని మురిపెంగా చూసుకుంటున్నాడు. "అవునే, సూసి రాసినావు కదా."

"సూసి కాదు. నేనే రాసినాను. అయిదరాబాదులో సైరనెక్కడుంది? అది మన వర్క్‌షాపుదండి."

"అక్కడ మాత్రం ఫ్యాక్టరీలు లేవేటి?" గోవిందరావు నవ్వాడు. కోపం కాదు, చంటిపిల్ల చెప్పిన కబురుకి నవ్వినట్టు. "అంతటాయన నీ రాత ఏసుకుంటాడేటే? బయట అనీకు, నవ్విపోతారు. నా పేరు కూడా ఉంది అందులో."

ఆయన అరిచి ఉంటే బాగుండేది. నవ్వుకి ఎదురుచెప్పే మాట ఆమెకి ఎవరూ నేర్పలేదు.

ఎస్తేరమ్మ పుస్తకం పట్టుకెళ్ళి చదివి, కుళాయి దగ్గర కనబడింది. "సిలకా, అప్పుడు మనకి దొరకని వారం ఇదే కదే! తలుపు తీసే కాడ పుస్తకం ఒళ్ళో ఎట్టుకుని ఏడిసినాను. మగోడయ్యుండి ఆడదాని కడుపులో మాట ఎలాగ తెలిసిందో! ఆ రోజు సంగంలో ఆయన్ని సూసినాను గానీ, ఆ మొకంలో ఈ మాటలేటీ కనబళ్ళేదు. ఇది రాసిన మనిసిని మల్లీ ఒక్కపాలి సరిగ్గా సూడాలే."

"సూస్తున్నావు కదా వదినా" అంది చిలకమ్మ.

ఎస్తేరమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా వస్తున్నారేమోనని. సందులో ఎవరూ లేరు. అర్థమయ్యాక పకపకా నవ్వి, "నీకు మరీ ఎటకారమే" అని బిందె చంకనెత్తుకుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. చిలకమ్మ పురుటికి వేడినీళ్ళు కాచింది ఆమే. అలాంటి మనిషి కూడా వెనక్కే చూసింది. చిలకమ్మ బిందె నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టకుండా అలాగే నిలబడింది.

మర్నాడు ఆఫీసుకి వెళ్తూ పుస్తకం కొట్టులో ఇచ్చేస్తానన్నాడు గోవిందరావు. ఆయన స్నానానికి వెళ్ళగానే చిలకమ్మ పోపులపెట్టె వెనక నుంచి బ్లేడు తీసింది. వారపత్రిక కోసినట్టే, కుట్టుకి ఆనించి, అంచు చెదరకుండా కోసింది. ఇలాంటి పుస్తకాలు ఎన్ని ఊళ్ళలో ఎన్ని వందలున్నాయో, అన్నిట్లోనూ ఆమె వసుంధర కపర్ది చేతిలో పాలగిన్నె మీద మూత పెడుతూనే ఉంటుంది. వాటన్నిటినీ కొయ్యడానికి ఈ బ్లేడు చాలదు, ఈ జన్మా చాలదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. తెలిసే కోసింది.

సంచిలో పెట్టే ముందు తన పేరు మరోసారి చూసుకుందామని గోవిందరావు పుస్తకం తెరిచాడు. అది కోసిన చోటికే తెరుచుకుంది.

"ఏటే ఇది! ఎవరు కోసీసినారు? పరాయోళ్ళ పుస్తకం కాదేటి? కొట్టోడికేటి సెప్పాల ఇప్పుడు?"

చిలకమ్మ స్టవ్వు మీంచి పాలగిన్నె దించి మూత పెట్టింది. చేతులు చెంగుకి తుడుచుకోబోయి, మానేసింది.

"పుస్తకం ఆయనదే, ఇచ్చీండి" అంది. "నా కాయితాలు నేను తీసుకున్నాను."