ఎవెలియో మెదడు

అక్షరాల తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక పలక పట్టినదాన్ని. ఈ కాస్త రాయడానికే రెండు నెలలు పట్టింది.

మా కొండ ఊళ్ళో తెల్లవారుతుండగా ఎవెలియో ప్రాణం పోయింది. యాభై రెండేళ్ళు. కళ్ళు మూసింది తమ్ముడు అర్నుల్ఫో. అన్న గుండె మీద తల పెట్టి కొండంతా వినబడేలా ఏడ్చాడు. భార్య ఒలీవాకు ఏడవడానికి తీరిక లేదు. మతిమరుపు జబ్బు ముదరకముందు ఎవెలియో ఆమె దగ్గర మాట తీసుకున్నాడు: "నేను పోయాక నా మెదడు మెడెలిన్ పట్నం డాక్టర్లకివ్వు. మా నాన్నా ఈ జబ్బుతోనే పోయాడు. పిల్లలకైనా మందు దొరకాలి." మధ్యాహ్నం దాటితే అది పాడైపోయి పనికిరాదు. ఒలీవా ఫోన్ చేసింది. తొమ్మిదింటికల్లా నర్సు యానెత్ జీపులో వచ్చింది.

గడపకు అడ్డంగా పీట వేసుకుని అత్త సినఫరోసా కూర్చుంది.

"శవం దగ్గర రాత్రి జాగారం లేకుండా, జపమాల ప్రార్థన చదవకుండా నా కొడుకుని గడప దాటనివ్వను. తల కోసేస్తే పైలోకంలో నన్నెట్లా గుర్తుపడతాడే?"

"ఇక్కడ గుర్తుపట్టాడా అత్తా? చిన్నప్పుడు తోలిన కంచరగాడిదల పేర్లు ఏడూ చెప్పేవాడు. నన్ను మాత్రం 'ఎవరమ్మా నువ్వు, మీ ఇంటికి పోవా?' అనేవాడు."

"గాడిదలు వాణ్ణి సాధించలేదులే!"

వాకిట్లో చేరినవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

యానెత్ పీట పక్కనే నేల మీద కూర్చుంది. "జ్ఞాపకం ఒక్క కణంలో దాచిన మూట కాదమ్మా. మెదడులో ఒక్కో కణం వేల కణాలకు చేతులు చాస్తుంది. ఒకదాని కబురు ఇంకోదానికి పదేపదే అందితే ఆ దారి గట్టిపడుతుంది, గాడిదలు నడిచి నడిచి కొండదారి పడ్డట్టు. చిన్ననాటి దారులు లోతుగా ఉంటాయి. ఈ జబ్బు కొత్త దారులు వేసే చోటునే ముందు తినేస్తుంది."

"జబ్బు తినగా మిగిలింది మీరు తింటారా?"

ముసలామె కదల్లేదు. పదకొండయింది. ఒలీవా పైబట్ట అంచు నలుపుతూ నిలబడింది. మధ్యాహ్నం దాటితే ఇచ్చిన మాట తప్పినట్టే.

అర్నుల్ఫో వంటింట్లోంచి కాఫీ తెచ్చాడు. అందరికీ ఇచ్చాక ఒక గిన్నె మిగిలింది.

"వదినా, అన్న ఇంకా లేవలేదా? చల్లారిపోతుంది."

ఎవరూ గిన్నె ఎత్తలేదు. అతనికి నలభై ఆరేళ్ళు.

"అన్న పోయాడు, అర్నుల్ఫో. పొద్దున నువ్వే కళ్ళు మూశావు" అంది ఒలీవా.

అప్పుడే విన్నవాడిలా అతను కూలబడి ఏడ్చాడు.

ముసలామె ఆ కొడుకు వంక చూసింది. లేచి పీట పక్కకు లాగింది. శవాన్ని జీపులోకి ఎక్కించారు. ఒలీవా పక్కన కూర్చుంది. బండి కదలబోతుంటే సినఫరోసా వచ్చి నర్సు చెయ్యి పట్టుకుంది.

"ఈ అర్నుల్ఫో పేరు కూడా రాసుకో అమ్మా. వేలిముద్ర నేను వేస్తాను."

ఎడెల్మిరా హరమీయో, డెబ్బయ్యొక్క ఏళ్ళు, ఇప్పుడు మెడెలిన్ పక్కన బెయో ఊళ్ళో ఉంటున్నాను.