మొగలి పొద ఆనవాలు

మా అమ్మ బొడ్డమ్మ నోట 'ఆనవాలు' అన్న మాట వినపడితే నాకు ఒళ్లు మండుతుంది. ఎక్కడో ఉన్న చోటును వెతికి పట్టుకోవడానికి వాడేదే గదా ఆనవాలంటే. మా అమ్మకు మాత్రం కదిలేదీ మెదిలేదీ అన్నీ ఆనవాళ్లే. పార ఎక్కడ పెట్టావంటే, సూరమ్మ మేకను కట్టిన చోట అంటుంది. మేకను సూరమ్మ పొద్దున్నే విప్పుకుపోయి ఉంటుంది. హరిశ్చంద్రపురం స్టేషనుకు దారి అడిగిన పెద్దమనిషికి, నల్లకుక్క పడుకున్న సందులోంచి వెళ్లమని చెప్పింది. ఆయనకు ఆ పూట రైలు అందలేదు.

ఇంతకాలం నవ్వి ఊరుకున్నాను. ఈ ఏడు నవ్వే పరిస్థితి కాదు. జలంత్రకోటలో మా ఇసుక నేలలో నాలుగు వందల కొబ్బరి మొక్కలు పెట్టాను. వాన మొహం చాటేసింది. రెండు చోట్ల నుయ్యి తవ్విస్తే రెంటిలోనూ ఉప్పునీళ్లే. మా నాన్న తవ్వించిన తియ్యనీళ్ల నుయ్యి ఒకటి అక్కడే ఉండేదట. నేను ఉయ్యాలలో ఉండగా వచ్చిన గాలివానకు ఇసుక కప్పేసింది. నాన్న పోయాడు. ఆ చోటు తెలిసిన మనిషి ఇక అమ్మ ఒక్కతే. పది రోజుల్లో నీళ్లు దొరక్కపోతే మొక్కలన్నీ పొయ్యిలోకే.

అడిగితే, మీ అయ్య తువ్వాలు ఆరేసిన చోటుకు ఇవతల అంది. దేనిమీద ఆరేసేవాడంటే కర్ర మీద అంది. ఆ కర్ర ఏదంటే, అదప్పుడే ఇరిగిపోనాదిరా అంది. మరోసారి అడిగితే భావనపాడు వాళ్ల పడవ ముక్కుకు ఎదురుగా అంది. ముప్పై ఏళ్ల కిందటి పడవ ముక్కును నేనెక్కడ పట్టుకోను? తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

చివరికి టెక్కలి నుంచి నారాయణరావుగారిని పిలిపించాను. ఆయన సర్వే పని తెలిసినవాడు. పాత పటంలో మా నూతి గుర్తు కనిపించింది. పొలం సరిహద్దు రాయి దగ్గర నిలబడి, తన ఇత్తడి దిక్సూచి పెట్టి, ఫలానా దిక్కున ఇన్ని గొలుసులు కొలిస్తే నుయ్యి దొరుకుతుందన్నాడు. ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది.

అమ్మ వచ్చి ఆ దిక్సూచి పెట్టెలోకి వంగి చూసింది. "ఇదేటి సెప్తాది బాబూ?" అని అడిగింది. ఉత్తరం ఎటో చెబుతుందమ్మా అన్నాడాయన. "ఉత్తరం నాకు తెల్దేటి? నుయ్యెక్కడో సెప్పమను" అంది. నేను విసుక్కుని పక్కకు పొమ్మన్నాను.

చూపుకు అడ్డంగా ఇసుక దిబ్బ మీద ఒక మొగలి పొద ఉంది. దాన్ని కొట్టేస్తే గాని అవతల పాతిన కొలత జెండా కనపడదన్నాడు నారాయణరావు. కత్తి తీసుకున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అదొద్దురా వైకుంఠం. దాన్నుండనీ."

ఎందుకంటే చెప్పదు. ఎందుకూ పనికిరాని ముళ్ల పొద మీద ఇంత ప్రేమేమిటని అరిచాను. చెయ్యి విడిపించుకుని మొదలంటా నరికేశాను. అమ్మ ఇంటికి వెళ్లిపోయింది.

కొలిచాం, తవ్వాం. రెండు నిలువుల లోతు దాకా నూతి జాడే లేదు. నారాయణరావు సరిహద్దు రాయి చుట్టూ తిరిగి, దీన్ని ఎవరైనా కదిపారా అని అడిగాడు. మా పాలేరు దాలయ్య నెత్తి గోక్కుంటూ, ఆ గాలివాన తర్వాత ఎద్దును కట్టడానికి మా నాన్న చెబితే తానే ఈడ్చుకొచ్చి పాతానన్నాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసట, నాకు తప్ప. ఇంటికి పోయి ఆ కోపమంతా అమ్మ మీద చూపించాను. నీకు తెలుసా, తెలియదా, ఆ ఒక్క ముక్కా చెప్పి చావు అన్నాను.

అమ్మ లేచి దిబ్బకు నడిచింది. వెనకే వెళ్లాను. నరికిన మొగలి మొదలు దగ్గర కూర్చుని దాని మీద చెయ్యి వేసింది.

"నీకంటె ముందు పుట్టిన పిల్లనిక్కడ పెట్టినాం. మూణ్ణెల్లది. సోటు మర్సిపోకండా మీ అయ్య మొగలి నాటినాడు. నీళ్లకొచ్చినప్పుడల్లా కడవ దించి ఇక్కడ కూకునేదాన్ని. ఇక్కణ్నుంచి తూరుపుకి పదారడుగులు."

ముందే ఎందుకు చెప్పలేదన్నాను.

"సెప్తే పారలట్టుకొచ్చి దీని మీద తొక్కులాడతారని. ఇప్పుడేటుంది, నువ్వే నరికేసినావు."

నాకొక అక్క ఉండేదని అప్పటిదాకా తెలియదు. అమ్మ లేచి తన చిన్న అడుగులతో పదహారు లెక్కపెట్టి ఆగింది. మర్నాడు పొద్దున్నే అక్కడ తవ్వాం. మధ్యాహ్నానికి పాత నూతి రాళ్ల ఒర తగిలింది. సాయంత్రానికి నీళ్లు ఊరాయి, తియ్యటి నీళ్లు. దాలయ్య తెచ్చిన మొదటి కడవను అమ్మ తీసుకెళ్లి ఆ మొగలి మొదట్లో పోసింది.

నారాయణరావు పటం విప్పి, నూతికి దగ్గర్లో చెదరని ఆనవాలు ఏదైనా చెప్పండి, రాసుకుంటానన్నాడు. మొగలి పొద అని రాయమన్నాను. పొద లేదు కదండీ అన్నాడు.

"మళ్లీ వస్తుంది, రాయండి" అన్నాను. వస్తుందో రాదో నాకు తెలియదు. రోజూ పొద్దున్నే ఒక కడవ నీళ్లు నేనే పోస్తున్నాను.